తొలి కొలువు కొరకు ఎనిమిదేండ్లు : ఫ్లారెన్స్ నైటింగేల్

పరిచారిక యనగానే చేత దీపము పట్టుకొని రోగుల పడకల నడుమ సంచరించు స్త్రీమూర్తి మన కన్నులకు కట్టును. పాఠ్యపుస్తకములలోను, ఆసుపత్రి గోడలపైనను, ఏటేట మే 12వ తేదీన జరుగు నర్సుల దినోత్సవ సభలలోను మనము చూచునది ఆ చిత్రమునే. ఆ దీపము వెలిగిన నాటికి ఫ్లారెన్స్ నైటింగేల్ వయస్సు ముప్పది నాలుగు. అంతకు పూర్వ మామె యేమి చేయుచుండెను, పని యెచ్చట నేర్చెను, మొదటి యుద్యోగ మామెకు ఎవరిచ్చిరి అను ప్రశ్నలు సభలలో ఎవరును వేయరు. మేమీ వ్యాసమున ఆ ప్రశ్నలనే పట్టుకొందుము.

అందులకు కారణము కలదు. కంభము, గిద్దలూరు, మార్కాపురము ప్రాంతముల బాలికలు కొందరు ఇంటరు ముగియగానే నర్సింగు శిక్షణకై ఒంగోలు, గుంటూరు, కర్నూలు వంటి పట్టణములకు పోవుట మన మెరిగినదే. శిక్షణ ముగించి, సర్టిఫికెట్టు చేతబట్టుకొని మొదటి యుద్యోగమునకు పోయిన పిల్లను అడుగు మొదటి ప్రశ్న, ఇదివరకెచ్చటనైన పనిచేసితివా అనునది. అనుభవము లేనిదే ఉద్యోగము రాదు. ఉద్యోగము లేనిదే అనుభవము రాదు. పెండ్లి కుదిరినగాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరినగాని పెండ్లి కుదరదు అను సామెత ఇటువంటి చిక్కును జూచియే పుట్టియుండును. ఈ వృత్తికే తల్లివంటిదని లోకము కొనియాడు స్త్రీ సయితము ఈ చిక్కులో ఎనిమిది సంవత్సరములు నలిగెనని తెలిసినవారు అరుదు.

ఆమె 1820 మే 12న ఇటలీ దేశపు ఫ్లారెన్స్ నగరమున జన్మించెను. ఊరి పేరే బిడ్డకు పెట్టిరి. తండ్రి విలియం ఎడ్వర్డ్ నైటింగేల్ సంపన్నుడు, విద్యాప్రియుడు. కుమార్తెలిద్దరికి గ్రీకు, లాటిన్, చరిత్ర, తత్త్వశాస్త్రము స్వయముగా బోధించెను. ఫ్లారెన్స్‌కు గణితమందు మక్కువ మెండు. ఇంత చదివించిన తలిదండ్రులు ఆ చదువుతో ఆమె యేమి చేయవలెనని కోరిరనగా, విందులలో చక్కగా మాటలాడి, తగిన వరుని పెండ్లాడవలెనని. చదివింపబడి, ఆ చదువును వాడుకొను దారి మూయబడిన ఆడుబిడ్డల కథ ఇంగ్లండుకు మాత్రమే చెందినది కాదు.

1845లో, తన ఇరువదియైదవ యేట, సాలిస్బరీ ఆసుపత్రిలో మూడు నెలలుండి పరిచర్య నేర్చుకొందునని ఆమె ఇంట అడిగెను. ఆ యాసుపత్రి వైద్యుడు ఫౌలర్ కుటుంబ మిత్రుడే. ఇల్లంతయు అట్టుడికెను. తల్లి భీతిల్లెను, అక్క పార్థినోపీ రోదించెను. వారి భయమును వట్టి అహంకారమని కొట్టివేయుట న్యాయము కాదు. ఆ కాలపు ఆసుపత్రులు దుర్గంధపు కొట్టములవలె నుండెను. కలిగినవారు ఇంటనే వైద్యము చేయించుకొనుచుండిరి. ఆసుపత్రికి పోవువారు నిరుపేదలు. వారికి ఊడిగము చేయు స్త్రీలకు శిక్షణ లేదు, చాలినంత జీతము లేదు, తాగుబోతులను అపకీర్తి మాత్రము కలదు. అట్టి కొలువుకు కుమార్తెను పంపుమనుట ఆ తల్లి చెవికెట్లు వినబడియుండునో మనము ఊహింపవచ్చును.

పనిచేయు త్రోవ మూసికొనగా ఆమె చదువు త్రోవ పట్టెను. వేకువనే లేచి, దీపము వెలిగించి, ఆసుపత్రులను గూర్చియు ప్రజారోగ్యమును గూర్చియు వెలువడిన ప్రభుత్వ నివేదికలను తెప్పించుకొని, అంకెలను నోటుపుస్తకములలోనికి ఎక్కించుకొనుచుండెను. ఉదయపు ఫలహారమువేళకు ఏమియు ఎరుగనిదానివలె వచ్చి కూర్చుండెడిది. లోకము మరువని దీపము స్కుటారిలోనిది. మాకు ఈ తెల్లవారుజాము దీపముపై గౌరవ మధికము. రోగి చెయ్యి పట్టి చూడకయే, ఐరోపా ఆసుపత్రుల పడకలెన్ని, మరణములెన్ని, ఖర్చెంత అను సంగతులు చెప్పగలిగినంత పాండిత్యము ఆమెకు అబ్బెను. 1849లో రిచర్డ్ మాంక్టన్ మిల్న్స్ అను గౌరవనీయుడు వివాహమునకు అర్థింప, ఇష్టముండియు కాదనెను.

జర్మనీలో రైన్ నదీతీరమున కైజర్స్‌వెర్త్ అను గ్రామమున ఫ్లీడ్నర్ అను మతగురువు ఆసుపత్రి, అనాథాశ్రమము, స్త్రీల శిక్షణాలయము నడుపుచుండెను. 1850లో ఆమె అచ్చట రెండు వారములుండి చూచెను. మరుసటి యేడు మూడు మాసములుండి నేర్చెను. తల్లియు అక్కయు ఆ సమయమున కార్ల్స్‌బాడ్‌లో ఆరోగ్యస్నానములకై విడిసియుండిరి. ఫ్లారెన్స్ ఎచ్చట నున్నదో బంధువులకు పొక్కనీయలేదు. అచ్చటి వారి భక్తిశ్రద్ధలను ఆమె మెచ్చెను గాని పరిచర్య మాత్రము నాసియనియు, పరిశుభ్రత లేదనియు తరువాత స్పష్టముగా చెప్పెను. 1853లో పారిస్ పోయి సిస్టర్స్ ఆఫ్ చారిటీ వారియొద్ద పని నేర్చుకొనబోగా, ఆటలమ్మ వంటి పొంగువ్యాధి సోకి తానే మంచము పట్టెను. ముప్పదిమూడవ యేట ఆమె అనుభవమంతయు ఇంతే.

అప్పుడే ఒక అవకాశము తటస్థించెను. జబ్బుపడిన పేద మధ్యతరగతి స్త్రీల కొరకు, ముఖ్యముగ ఇండ్లలో పాఠములు చెప్పుకొని బ్రదుకు ఉపాధ్యాయినుల కొరకు, లండనులో కొందరు ప్రభువంశపు స్త్రీలు ఒక చిన్న చికిత్సాలయము నడుపుచుండిరి. అది అప్పర్ హార్లీ వీధికి మారనుండెను, దానికొక పర్యవేక్షకురాలు కావలసియుండెను. ఎలిజబెత్ హెర్బర్ట్ అను స్నేహితురాలు ఫ్లారెన్స్ పేరును సిఫారసు చేసెను. ఈ సిఫారసను మాట ఉర్దూ నుండి మన తెలుగులోనికి వచ్చి, ఉభయ భాషలవారికిని సమానముగా ఉపయోగపడుచున్నది! అయినను ఆమెకు ఆ సిఫారసు తలుపు తట్టుటకే పనికివచ్చెను. లోనికి పోవుటకు చాలలేదు.

కమిటీవారికి సందేహములు పెక్కు. కలవారి బిడ్డ ఒకరి ఆజ్ఞకు లోబడి పనిచేయునా? వైద్యులు చెప్పినట్లు వినునా? శస్త్రచికిత్స జరుగుచోట నిలువగలదా? పైగా చూచుటకు మరీ చిన్నది, తోడుగా వయసు మీరిన ఒక మనిషి ఉండవలెను. ఆమె సమాధానము వాదము కాదు, షరతులు. తాను జీతము తీసికొనదు. తోడుగా నుండు మేట్రనును తన ఖర్చుతోనే తెచ్చుకొనును. కాని లోపలి ఏర్పాట్లు, ధనపు లెక్కలు తన చేతిలో నుండవలెను. తండ్రి మెత్తబడి ఏటికి 500 పౌనులు ఇచ్చుటకు ఒప్పుకొనెను. అక్క మరల రోదించెను.

చేరకమునుపే ఒక గట్టి వివాదము వచ్చెను. ఇంగ్లండు దేశపు అధికార మతమునకు చెందిన రోగులనే చేర్చుకొనవలెనని కమిటీవారు నిర్ణయించిరి, కథోలికులను తీసికొనరాదనిరి. కథోలికులతోబాటు యూదులను గూడ చేర్చుకొననిచో తాను రాననియు, వారివారి మతగురువులు వచ్చి చూచుటకు అనుమతి ఉండవలెననియు ఆమె పట్టుబట్టెను. తుదకు కమిటీవారు ఒప్పుకొని ఆ మాటను వ్రాతపూర్వకముగా నిచ్చిరి. ప్రతిగా వారు విధించిన నిబంధన విచిత్రమైనది: ఇతర మతగురువు ఎవరు వచ్చినను ఆమెయే వాకిట ఎదుర్కొని, మేడమీదికి గొనిపోయి, రోగితో మాటలాడునంతసేపు దగ్గర నిలిచి, మరల క్రిందికి దింపవలెను! ఈ ముచ్చట నామె ఒక స్నేహితురాలికి పరిహాసముగా వ్రాయుచు ముఫ్తీలను గూడ జాబితాలో చేర్చెను. ఇంకను ఒక్కనాడైన జీతగత్తెగా పనిచేయని అభ్యర్థిని, దొరకక దొరకక దొరికిన కొలువును మతభేదము కొరకు వదలుకొనుటకు సిద్ధపడుట మామూలు సంగతి కాదు. మావంటి కళాశాలలో ఈ ఘట్టమును చదువువారు కొంచెము ఆగి చదువుదురుగాక.

1853 ఆగస్టు 12న ఆమె పనిలో చేరెను. ఇంటిని సిద్ధపరచుటకు ఉన్న గడువు పది దినములు మాత్రమే. ఆమె చేసిన మార్పులు వినుటకు చిన్నవిగా తోచును. వేడినీరు గొట్టముల ద్వారా ప్రతి అంతస్తునకు పోవునట్లు చేయించెను. భోజనమును వంటింటినుండి పైకి లాగు యంత్రము పెట్టించెను. రోగులు గంట కొట్టినపుడు కొట్టినదెవరో పరిచారికకు తెలియునట్లు గంటలు అమర్పించెను. మెట్లెక్కి దిగుటలో పరిచారికల ప్రాణము పోవుచున్నదనియు, ఆ శ్రమ మిగిలినచో రోగికి మిగులుననియు ఆమె లెక్క. సరకులు పొట్లములుగా గాక టోకున కొనెను. మురబ్బా బజారున కొనుట మాన్పించి ఇంటనే చేయించెను. మూడు నెలలకొకసారి కమిటీకి నివేదిక సమర్పించెను. వేకువన నివేదికలు చదివిన చేతికి నివేదిక వ్రాయుట క్రొత్తగాదు. అనుభవము లేదన్నవారికి ఎనిమిదేండ్ల చదువు ఈ విధముగా బదులు చెప్పెను.

ఇచ్చట ఒక మాట దాచక చెప్పవలెను. జీతము వలదనుటకు ఆమెకు తండ్రి సొమ్ము కలదు. మన పిల్లలలో ఎందరికి అట్టి తండ్రి కలడు? అనుభవము పేరిట నెలలకొలది ఉచితముగా పనిచేయుమని పేదబిడ్డను అడుగుట ధర్మము కాదు. నైటింగేల్ దానిని ఎరిగెననుటకు ఆమె తరువాత పెట్టిన పాఠశాలయే సాక్ష్యము. దానిని ముందు చెప్పుదుము.

ఆ చికిత్సాలయమున ఆమె ఉన్నది పదునాలుగు మాసములు. 1854 అక్టోబరులో క్రిమియా యుద్ధమున గాయపడిన బ్రిటిషు సైనికుల దుస్థితి పత్రికల కెక్కెను. యుద్ధ కార్యదర్శి సిడ్నీ హెర్బర్ట్, ఆ స్నేహితురాలి భర్తయే, పరిచారికల దళమును నడిపింపుమని ఆమెకు వ్రాసెను. తాను పోవుదునని ఆమె హెర్బర్ట్ ఇంటికి వ్రాసిన జాబు దారిలో దానిని దాటిపోయెను. అక్టోబరు 21న 38 మంది స్త్రీలతో బయలుదేరెను. వారిలో 24 మంది మతసంఘముల సోదరీమణులు, 14 మంది ఆసుపత్రి నర్సులు. తగినవారు దొరకుటయే కష్టమయ్యెను. అదే సమయమున జమైకా దేశపు మేరీ సీకోల్, కలరా రోగులకు సేవచేసి చేయి తిరిగినది, దరఖాస్తు పెట్టి తిరస్కరింపబడెను. తన చర్మపు రంగే కారణమని ఆమె అనుమానించెను. అనుభవము లేనివారికి ఒక అడ్డు, ఉన్నవారికి మరొక అడ్డు. సీకోల్ ఊరకుండక తన ఖర్చుతో పోయి, 1855లో బాలక్లావా సమీపమున వసతిగృహము నెలకొల్పి సైనికులను ఆదరించెను.

స్కుటారి కథ అందరెరిగినదే. ఇస్తాంబుల్ ఎదుట, తుర్కీ సుల్తాను సైన్యపు విశాలమైన బారకాసులే అచ్చటి ఆసుపత్రి. ఆమె చేరినది నవంబరు 4న. ఒక్క సంగతి మాత్రము చెప్పుదుము. 1855 ఫిబ్రవరిలో మరణములు మిక్కుటమై, మార్చిలో వచ్చిన పారిశుద్ధ్య సంఘమువారు మురుగుకాలువలు బాగుచేయించి, గాలి ఆడునట్లు చేసిన పిదపనే గట్టిగా తగ్గెను. దీపమొక్కటే ప్రాణములు నిలుపలేదు. ఇంగ్లండు చేరిన పిదప విలియం ఫార్ అను గణాంకవేత్తతో గూడి లెక్కలు వేసి, ఈ సత్యమును గ్రహించి ప్రకటించినది ఆమెయే.

యుద్ధభూమిలో గాయపడినవారికి స్త్రీలు సేవచేయుట ఆమెతోనే మొదలయ్యెననుటయు సరికాదు. మదీనాలో మసీదు ఆవరణమున డేరా వేసి, కందకపు యుద్ధమున గాయపడినవారికి రుఫైదా అను స్త్రీ ఉపచారము చేసెనని ఇస్లాము తొలి చరిత్రకారులు వ్రాసియుంచిరి. నైటింగేల్ చేసిన క్రొత్త పని ఏమనగా, ఆ సేవను నేర్పదగిన వృత్తిగా మలచుట. ప్రజలు ఆమె పేర పోగుచేసిన నిధితో 1860లో లండను సెయింట్ థామస్ ఆసుపత్రిలో శిక్షణాలయము తెరచిరి. శిక్షణ ఒక సంవత్సరము. భోజనము, వసతి, దుస్తులు ఉచితము. పైఖర్చులకు 10 పౌనులు. నేర్చుకొనునది వార్డులోనే, ప్రతి శిష్యురాలి పనిని, నడతను నెలనెల పట్టికలో వ్రాయుచుండిరి. ముగించినవారి పేరు రిజిష్టరు కెక్కును, ఉద్యోగమును పాఠశాలవారే చూపుదురు. తనకు ఎనిమిదేండ్లు పట్టిన మెట్టును ఇతరులకు ఒక్క ఏటికి దించి, డబ్బులేనివారికి గూడ అందునట్లు చేసెను. నేటి నర్సింగు కోర్సులలో వార్డు పని తప్పనిసరి యగుటకు మూల మదియే. ఉద్యోగమునకు పోవు పిల్ల ఆ నెలల వార్డు పనిని, రాత్రి డ్యూటీలను లెక్కగట్టి చెప్పవలెను గాని, అనుభవము సున్నయని తల వంచనక్కరలేదు.

ఆమె భారతదేశమునకు ఎన్నడును రాలేదు. అయినను ఇచ్చటి సైనికస్థావరముల ఆరోగ్యమును గూర్చి, పిదప రైతుల కరవును గూర్చి నలువది సంవత్సరములకు పైగా వ్రాసెను. 1876-78 నాటి మదరాసు కరవు అప్పటి కర్నూలు జిల్లాను, అందులోని మా కంభము తాలూకాను గూడ క్రుంగదీసెను. గోదావరి ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటన్ వాదమును సమర్థించుచు, నీటిపారుదలయే కరవునకు మందని ఆమె పత్రికల కెక్కించెను. గుండ్లకమ్మకు కట్టవేసి చెరువు నిలిపిన ఊరివారికి ఆ మాట ఎవరును నేర్పనక్కరలేదు.

ఆమెకు ఒక పట్టుదల గూడ ఉండెను. నర్సులను ప్రభుత్వము పరీక్షించి రిజిష్టరు చేయుట ఆమెకు సమ్మతము కాలేదు. గుణము పరీక్షకు చిక్కదనెను. కాలము ఆ మాట వినలేదు. 1910 ఆగస్టు 13న ఆమె కన్నుమూసిన తొమ్మిదేండ్లకు ఇంగ్లండులోను, 1926లో మదరాసు రాష్ట్రమునను నర్సుల రిజిష్టరు చట్టములు వచ్చెను.

మన వైపు కూడ ఇటువంటి కథ ఒకటి కలదు. అమెరికానుండి 1883లో గుంటూరు వచ్చిన అన్నా కుగ్లర్ వైద్య పట్టభద్రురాలు. అయినను పంపినవారు ఆమెను వైద్యురాలిగా నియమింపలేదు. జనానాలలో స్త్రీలకు బోధించు పని అప్పగించిరి. ఆమె బోధించుచునే మందులిచ్చెను. కొలది యేండ్లకు నియామకము మారెను. 1898లో గుంటూరున స్త్రీలకు, పిల్లలకు ఆసుపత్రి వెలసెను. అందలి వార్డులలోనే తెలుగు బాలికలు పరిచర్య నేర్చుకొని, అందే తొలి జీతములు తీసికొనిరి.