బొగ్గు గనులలో సువార్తికుడు: విన్సెంట్ వాన్ గో

కలకత్తా మహానగరమునకు దిగువను హుగ్లీ నది ఒడ్డున బడ్జ్ బడ్జ్ అను పట్టణము కలదు. జూట్ మిల్లులును, చమురు నిలువచేయు డిపోలును ఆ ఊరికి ఆయువుపట్టు. ఆ నదికి ఇరుదరులనున్న మిల్లు పట్టణములలో కూలికి కుదిరి, గంజాము, శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములనుండి తరలిపోయిన తెలుగువారు తరములుగా కాపురములు చేసిరి. జనపనార దుమ్ము పీల్చుచు, మిల్లు కూత చొప్పున లేచి మిల్లు కూత చొప్పున పండుకొను బ్రదుకు ఎట్టిదో వారికి వేరుగా చెప్పనక్కరలేదు. కొత్తగూడెము, ఇల్లెందు బొగ్గు గనుల చెంత పెరిగినవారికిని చెప్పనక్కరలేదు. అట్టి కష్టజీవులయొద్దకు సువార్తతో వెళ్లి, వారిలో ఒకడుగా జీవించి, కడకు తన్ను పంపిన పెద్దలచేతనే తొలగింపబడిన ఒక యువకుని చరిత్ర ఇది. లోకము ఆయనను సువార్తికునిగా గాక చిత్రకారునిగా ఎరుగును.

ఈ కాలమున ఆయన పేరిట ఒక క్రొత్త వేడుక దేశదేశములలో జరుగుచున్నది. విశాలమైన చీకటి శాలలో పైకప్పునకు అనేక ప్రొజెక్టరులను బిగించి, ఆయన చిత్రముల ప్రతిబింబములను గోడలన్నిటిమీదను నేలమీదను ఒక్కమారుగా పడునట్లు చేయుదురు. ఒక బొమ్మ అంచు ప్రక్కబొమ్మ అంచుతో అతుకు తెలియకుండ కలియునట్లు కంప్యూటరు సరిచేయును. తోడుగా సంగీతము వినబడును. 2018లో పారిస్ నగరమున పాత లోహపు పోత కార్ఖానా ఒకటి ఇట్టి ప్రదర్శనశాలగా మారెను. 2019లో అచ్చట వాన్ గో చిత్రములను చూపిరి. 2023లో ఈ విధమైన ప్రదర్శనము ముంబయి మొదలైన మన నగరములకును వచ్చెను. లోపల అడుగుపెట్టినవారి కాళ్లక్రింద ప్రొద్దుతిరుగుడు పువ్వులు విచ్చుకొనును, తలచుట్టును నక్షత్రములు గిరగిర తిరుగును. చిత్రకారుడు తన పటములో ఒక చోట నిలిపిన నక్షత్రములే అవి! ఆయన చేతితో వ్రాసిన అసలు పటము అచ్చట చూడవలెనని వెళ్లినవారు మాత్రము నిరాశపడుదురు. పిల్లలను వెంటబెట్టుకొని పోయి చూడదగిన వేడుకయే గాని, ఆ వెలుగుల వెనుకనున్న మనుష్యుని ఎరిగి చూచుట వేరు, ఎరుగక చూచుట వేరు.

విన్సెంట్ 1853 మార్చి 30వ తేదీన హాలండ్ దేశమునందలి బ్రబాంట్ మండలములో జుండర్ట్ అను గ్రామమున జన్మించెను. తండ్రి థియోడోరస్ డచ్చి రిఫార్మ్‌డ్ సంఘమునకు కాపరి, తాతయు కాపరియే. ఆ ప్రాంతమున కతోలికులే అధికులగుటచేత ఆయనకు అప్పగింపబడిన మంద మిక్కిలి చిన్నది. సరిగా ఒక సంవత్సరము ముందు అదే తేదీన ఆ తలిదండ్రులకు మృతశిశువు పుట్టెను. ఆ శిశువునకును విన్సెంట్ అనియే పేరు. గుడి ప్రక్కనున్న సమాధి రాతిమీద తన పేరు చెక్కబడియుండగా ఆ బాలుడు ఆ ఊరిలో పెరిగెను. నాలుగేండ్ల తరువాత పుట్టిన తమ్ముడు థియో ఆయనకు జీవితాంతము ఆధారమాయెను.

పదునారవ యేట చిత్రపటముల వర్తకులగు గూపిల్ కంపెనీలో ఉద్యోగమునకు చేరి, హేగ్, లండన్, పారిస్ నగరములలో పనిచేసెను. ఆయన మనస్సు బేరమునందు నిలువలేదు. 1876లో ఆ కొలువు పోయెను. అటుపిమ్మట ఇంగ్లండులో జీతము లేని ఉపాధ్యాయుడుగా కొన్నాళ్లు గడిపి, ఒక కాపరికి సహాయకుడై, ఆ సంవత్సరమే శరత్కాలమున రిచ్‌మండ్ మెతడిస్టు గుడిలో తన మొదటి ప్రసంగము చేసెను. వయస్సు ఇరువదిమూడు. కీర్తనల గ్రంథము 119వ కీర్తనలో భక్తుడు తాను భూమిమీద పరదేశినని ఒప్పుకొనిన 19వ వచనము ఆయన ఎంచుకొనిన వాక్యము. పరదేశి యను మాట బడ్జ్ బడ్జ్‌లో పలికినచో మరియొక జ్ఞాపకము రాకమానదు. కెనడా రేవునుండి త్రిప్పివేయబడిన కొమగటమారు ఓడ ప్రయాణికులు 1914 సెప్టెంబరు 29న ఆ ఊరిలోనే దిగి, స్వదేశపు నేలమీదనే తుపాకి గుండ్లకు గురియైరి.

1877లో డోర్‌డ్రెఖ్ట్ పట్టణపు పుస్తకాల దుకాణములో పనిచేయుచు, యజమాని చూడని వేళ బైబిలు వాక్యములను డచ్చి, జర్మను, ఫ్రెంచి, ఇంగ్లీషు భాషలలో వరుసలుగా వ్రాసికొనుచుండెను. వేదాంతవిద్యకై ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక సంవత్సరము లాటిను, గ్రీకు భాషలతో పెనగులాడి విడిచిపెట్టెను. పేదలను ఓదార్చుటకు ఈ వ్యాకరణములు ఎందులకని ఆయనకు తోచినది. ఇది సోమరి మాట కాదు గాని, తొందరపాటు మాట. తరువాత బ్రస్సెల్స్‌లోని సువార్తికుల పాఠశాలవారు మూడు నెలలు పరీక్షించి, చేర్చుకొనకయే పంపివేసిరి.

అయినను 1878 డిసెంబరులో ఆయన బెల్జియం దేశపు బొగ్గు సీమయగు బోరినాజ్‌కు తనంతట తానే వెళ్లెను. మరుసటి నెలలో సువార్త కమిటీవారు ఆరు నెలల పరీక్షకాలమునకు ఆయనను వామ్ గ్రామమున నియమించిరి. రోగులను దర్శించుట, పిల్లలకు బోధించుట, సాయంకాలములందు బైబిలు వివరించుట ఆయన పని. గనివారి మాండలికము ఆయనకు చప్పున అర్థము కాలేదు. వారును ఆయన మాటను పట్టుకొనుటకు ప్రయాసపడిరి.

1879 ఏప్రిలులో మర్కాస్ అను గనిలోనికి ఆయన దిగెను. ఏడువందల మీటర్ల లోతు. బావిలోనికి బొక్కెన దిగినట్లు పంజరములో దిగిపోవుచు పైకి చూడగా, పగటి వెలుగు ఆకాశమందలి ఒక నక్షత్రమంత చిన్నదై కనబడెనని తమ్మునికి వ్రాసిన లేఖలో తెలిపియున్నాడు. ఇరుకు గుహలలో ఒక్కొక్క గనివాడు చిన్న దీపము వెలుగున బొగ్గు కొట్టుచుండెను. పిల్లలు, మగపిల్లలేమి ఆడపిల్లలేమి, ఆ బొగ్గును బండ్లకు ఎత్తుచుండిరి. ఆ నెలలోనే, 17వ తేదీన, సమీపమునందలి అగ్రాప్ గనిలో గొప్ప ప్రేలుడు సంభవించెను. బొగ్గుపొరలలో నిలిచియుండు మండెడు వాయువు అంటుకొని 121 మంది మరణించిరి. కాలినవారికి కట్లు కట్టుటకు విన్సెంట్ తన వస్త్రములనే చింపి ఇచ్చెనని ఆ సీమవారు చెప్పుకొనిరి.

అప్పటికే ఆయన రొట్టెలు చేయువాని ఇంటనున్న మంచి గదిని విడిచి గుడిసెలో గడ్డిమీద పండుకొనుచుండెను. బట్టలను పంచిపెట్టెను. బొగ్గుమసి కడుగుకొనని ముఖముతో వీధులలో తిరిగెను. తన మంద కడుగుకొనలేని మసిని తాను కడుగుకొనుట ఆయనకు సిగ్గుగా తోచెను కాబోలు. ఇది చూచి పెద్దలు కలవరపడిరి. సువార్తికుని హోదాకు ఇది తగదని మందలించిరి. జూలైలో పరీక్షకాలము ముగియగా నియామకమును పొడిగింపలేదు. రోగులయెడలను గాయపడినవారియెడలను ఆయన చూపిన త్యాగమును తమ నివేదికలో మెచ్చుకొనుచునే, సంఘమును కూర్చునట్టి వాక్చాతుర్యము ఆయనకు లేదని కారణము చెప్పిరి.

ఇచ్చట న్యాయముగా మాటలాడవలెను. ఆయనకు ప్రసంగించు వరము లేకపోయెననుట సత్యమే. అతిగా ఉపవాసముండి శరీరమును పాడుచేసికొనుట దైవసేవకు అవసరమని ఎవడును బోధింపరాదు. ఆయన ఎవరి సలహాను విననివాడు. అయినను ఆ కమిటీవారు ఒక ప్రశ్న వేసికొనవలసియుండెను: ఈ మనుష్యుని ఏ పనిలో ఉంచవలెను? ప్రసంగ పీఠము తగనివానికి ఆసుపత్రి మంచము ప్రక్కన స్థలము లేదా? ఆ ప్రశ్న వేయక తలుపు మూసిరి. మన సంఘములలోను నోరుగలవారికి స్థానము దొరకినంత సులభముగా చేతులుగలవారికి దొరకుట లేదు.

ఆయన కాలినడకన బ్రస్సెల్స్‌కు పోయి, చిత్రలేఖనమందు అభిరుచిగల ఒక కాపరికి తాను గీసిన గనివారి బొమ్మలను చూపెను. మరల బోరినాజ్‌కే వచ్చి క్వేమ్ గ్రామమున పేదరికములో ఏడాదికి పైగా గడిపెను. 1880లో, ఇరువదియేడవ యేట, చిత్రకారుడు కావలెనని నిశ్చయించుకొనెను. థియో నెలనెలయు డబ్బు పంపెను. ఆ డబ్బే లేనియెడల ఈ కథ ఇచ్చటనే ముగిసియుండును.

ఈ చిత్రకారుని పరిశుద్ధునిగా నిలువబెట్టుట మన ఉద్దేశము కాదు. 1881 క్రిస్మసు దినమున గుడికి రానని తండ్రితో తగవులాడి ఇల్లు విడిచెను. హేగ్‌లో గర్భవతియై వీధిపాలైన సీన్ అను స్త్రీని, ఆమె బిడ్డను చేరదీసి, వివాహము లేకయే కాపురముండి, కడకు విడిచిపెట్టెను. సంఘముతో ఆయన బంధము మరల అతుకలేదు.

1883 చివర ఆయన తలిదండ్రులున్న న్యూనెన్ గ్రామమునకు తిరిగి వచ్చెను. 1885 మార్చి 26న తండ్రి హఠాత్తుగా మరణించెను. ఆ వసంతమున ఉర్లగడ్డలు తినుచున్న రైతుల చిత్రమును వ్రాసెను. నూనెదీపము క్రింద ఐదుగురు. నేల త్రవ్విన చేతులే పళ్లెములోనికి చాచుచున్నవి. అక్టోబరులో మరియొక చిత్రమును ఒక్క దినములో ముగించెను. అది ఆయన తండ్రిగారి పెద్ద బైబిలు, యెషయా గ్రంథము 53వ అధ్యాయమువద్ద తెరువబడినది. ప్రక్కన ఆరిపోయిన కొవ్వొత్తి. ముందర ఎమీల్ జోలా వ్రాసిన నవల ఒకటి, చదివి చదివి నలిగినది. తండ్రి విశ్వాసమును త్రోసివేసి లోకపు పుస్తకమును పట్టుకొనెనని కొందరు దీనికి అర్థము చెప్పుదురు. ఆ అర్థము తొందరపాటుది. తిరస్కరింపబడిన శ్రమల సేవకుని అధ్యాయమునే తెరచి వ్రాయుటలో, వారు చెప్పినదానికంటె ఎక్కువ దుఃఖమును ఎక్కువ ప్రేమయు కలవు. ఆ బైబిలు నేటికిని ఆమ్‌స్టర్‌డామ్‌లోని వాన్ గో మ్యూజియములో భద్రముగానున్నది.

1886లో పారిస్ చేరెను. అచ్చట ఆయన రంగులు తేటపడెను. 1888 ఫిబ్రవరిలో దక్షిణ ఫ్రాన్సునందలి ఆర్ల్ పట్టణమునకు వెళ్లెను. ప్రొద్దుతిరుగుడు పువ్వులు, విత్తువాడు అచ్చటి పంటలు. ఆ డిసెంబరులో మతి చలించి, తోటి చిత్రకారుడు గోగేనుతో తగవుపడిన రాత్రి తన చెవిని తానే కోసికొనెను. లోకము ఈ సంగతినే పదేపదే చెప్పుకొని నవ్వును. వ్యాధిని చూచి నవ్వుట మనకు తగదు. 1889 మేలో తనంతట తానే సేంట్ రెమీలోని మానసిక చికిత్సాలయములో చేరెను. గోడలమీద తిరుగాడు ఆ నక్షత్రముల రాత్రి అచ్చట ఆ జూన్ మాసమున వ్రాసినదే. దక్షిణ ఫ్రాన్సు గ్రామముమీద ఆయన నిలిపిన గుడి గోపురము మాత్రము హాలండ్ గోపురమువలె సన్నగా ఆకాశమునంటియున్నది.

ఆ చికిత్సాలయములోనే పూర్వపు గురువుల చిత్రములను అనుసరించి మంచి సమరయుని, లాజరును వ్రాసెను. రెంబ్రాంట్ చెక్కిన లాజరు చిత్రములో ప్రభువు నిలిచియుండగా, విన్సెంట్ ఆ స్థానమున సూర్యుని ఉంచెను. ప్రభువును వ్రాయుటకు ఆయన చేయి సాహసింపలేదో, మనస్సు ఒప్పుకొనలేదో విమర్శకులు వాదించుకొందురు. సమరయుని చిత్రములో సంశయమునకు చోటు లేదు. గాయపడినవానిని జంతువుమీదికి ఎత్తుచున్నవాని వెన్ను బరువుకు వంగిపోవుచున్నది. అట్టి బరువును వామ్ గ్రామమున ఆయన ఎత్తియున్నాడు.

1890 మేలో పారిస్ సమీపమునందలి ఓవేర్ గ్రామమునకు వచ్చి, జూలై 27న తుపాకి గాయముతో బసకు తిరిగివచ్చి, 29న తమ్ముడు ప్రక్కనుండగా కన్నుమూసెను. వయస్సు ముప్పదియేడు. ఇతరుల గుండు తగిలెనని 2011లో ఇద్దరు రచయితలు వాదించిరి గాని, ఆయనయే కాల్చుకొనెనని అధిక సంఖ్యాకులైన పండితుల నిర్ణయము. ఆత్మహత్య గనుక ఆ ఊరి కతోలిక గురువు శవవాహనమును ఇయ్యలేదు. ప్రక్క గ్రామమునుండి తెప్పించిరి. శవపేటిక చుట్టును ఆయన చిత్రములు, పసుపుపచ్చని పువ్వులు. మనము ఆ గురువును నిందించుటకు ముందు మన సమాధి తోటలను చూచుకొనవలెను. మనోవ్యాధిచేత ప్రాణము తీసికొనిన బిడ్డను గోడ లోపల పాతిపెట్టుటకు అనుమతిలేక, చీకటిపడిన తరువాత ప్రార్థన లేకుండ మోసికొనిపోయిన తెలుగు క్రైస్తవ కుటుంబములు లేవా? వారి ఇంటికి వెళ్లి కూర్చుండుటకు కాపరికి కమిటీ తీర్మానము కావలెనా?

థియో ఆరు నెలలకే, 1891 జనవరి 25న మరణించెను. సుమారు 860 తైలవర్ణ చిత్రములు, వందలకొలది లేఖలు ఇరువదియెనిమిదేండ్ల విధవరాలు యోహానా చేతిలో మిగిలెను, చంకలో ఏడాది నిండని బిడ్డ. ఆమె వాటిని పారవేయలేదు. ప్రదర్శనములు జరిపించి, 1914లో లేఖలను ముద్రింపించెను. నేటి ప్రదర్శనశాలల వెలుగంతయు ఆమె ఓపిక ఫలమే.

ఆ చీకటి శాలలలో సాధారణముగా ఎవరును వెదకని చిన్న చిత్రము ఒకటి కలదు. 1884 జనవరిలో తల్లి తుంటియెముక విరిగి మంచము పట్టగా, ఆమెను సంతోషపరచుటకు విన్సెంట్ తండ్రిగారి న్యూనెన్ గుడిని మూరెడు పొడవైన లేని పటముమీద వ్రాసి ఇచ్చెను. తండ్రి మరణించిన తరువాత మరల కుంచె పట్టి, గుడి ముంగిట ఆరాధన ముగించుకొని వచ్చుచున్న జనమును, వారిలో దుఃఖవస్త్రములు ధరించిన స్త్రీలను చేర్చెను. 2002 డిసెంబరులో దొంగలు ఆమ్‌స్టర్‌డామ్ మ్యూజియము పైకప్పెక్కి దానిని ఎత్తుకొనిపోయిరి. 2016లో ఇటలీ పోలీసులు నేపుల్స్ సమీపమున దానిని పట్టుకొనిరి. మరుసటి సంవత్సరము మార్చిలో అది తిరిగి మ్యూజియము గోడకెక్కెను.