స్ట్రెస్ అనే మాట ఇచ్చిన డాక్టరు.. మా ఇంట్లో ఏడు నెలల ఆలస్యం

మాంట్రియల్ వచ్చి ఇరవై రెండేళ్లయింది. మెక్‌గిల్ యూనివర్సిటీ ముందు నుంచే రోజూ ఆఫీసుకు వెళ్తాను. మన ఇళ్లలో రోజుకు పదిసార్లు వినిపించే స్ట్రెస్ అనే మాటకు ఇవాళ్టి అర్థం ఆ యూనివర్సిటీలోనే మొదలైందని మాత్రం చాలాకాలం తెలియదు. చెప్పినవాడు మా అక్క కొడుకు.

వాడు తెనాలి నుంచి ఇక్కడికి పీహెచ్‌డీకి వచ్చాడు. ఫొటోనిక్ చిప్‌ల మీద పరిశోధన. మామూలు చిప్‌లో కరెంటు నడుస్తుంది, వీళ్ల చిప్‌లో వెలుతురు నడుస్తుంది. సిలికాన్‌లో చెక్కిన సన్నటి దారుల్లోంచి లేజర్ కాంతిని పంపుతారు. ఆ దారి వెడల్పు సుమారు 500 నానోమీటర్లు. మన తలవెంట్రుక మందంలో వందో వంతు కూడా ఉండదు. చిప్ కాస్త వేడెక్కినా, పైన పూసిన పొర కాస్త బిగుసుకున్నా సిలికాన్ గుణం మారి వెలుతురు లెక్క తప్పుతుందట. అందుకని చిప్ మీదే చిన్న చిన్న హీటర్లు పెట్టి సరిచేస్తూ ఉంటారు.

ఒక ఆదివారం మా ఇంట్లో పప్పుచారు అన్నం తింటున్నప్పుడు, ల్యాబ్‌లో స్ట్రెస్ ఎక్కువగా ఉందా నాన్నా అని అడిగాను. వాడు నవ్వి, మా దగ్గర స్ట్రెస్ వేరు, స్ట్రెయిన్ వేరు పిన్నీ అన్నాడు. ఇంటర్‌లో తెలుగు మీడియంలో చదివినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఒకటి ప్రతిబలం, ఇంకోటి వికృతి. వస్తువు మీద పడే ఒత్తిడి ఒకటి, దానివల్ల వస్తువు ఆకారంలో వచ్చే మార్పు ఇంకొకటి. మనుషుల విషయంలో ఈ రెంటినీ తారుమారు చేసిన పెద్దమనిషి ఈ ఊళ్లోనే ఉండేవాడని, ఆయన పేరు హాన్స్ సెల్యే అని చెప్పాడు. ఆ తర్వాత లైబ్రరీ నుంచి ఆయన పుస్తకం తెచ్చుకున్నాను. పది పేజీలు చదివి పక్కన పెట్టేశాను. మళ్లీ తెరవాల్సిన అవసరం ఎలా వచ్చిందో తర్వాత చెబుతాను.

సెల్యే 1907 జనవరి 26న వియన్నాలో పుట్టారు. తండ్రి హంగేరీకి చెందిన సైనిక వైద్యుడు, తల్లి ఆస్ట్రియా ఆవిడ. పెరిగింది డాన్యూబ్ నది ఒడ్డున కొమారోమ్ అనే ఊళ్లో. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత ఆ ఊరు రెండు ముక్కలైంది. నదికి ఇవతల హంగేరీ, అవతల చెకోస్లొవేకియా. ఇల్లు కదలకుండానే ఎంతోమందికి దేశం మారిపోయింది. ఆ పిల్లవాడికి హంగేరియన్, జర్మన్ చిన్నప్పుడే వచ్చు. ఫ్రెంచి, ఇంగ్లిషు తర్వాత చేరాయి. ఏ భాషలో మాట్లాడినా ఇంకో భాష యాస తగిలేదంటారు. మనవాళ్లకు ఇది వేరే చెప్పాలా!

ప్రాగ్‌లోని జర్మన్ యూనివర్సిటీలో వైద్యం చదివారు. ఇంకా ఇరవై ఏళ్లు నిండని రోజుల్లో జరిగిన ఒక క్లాసును జీవితాంతం చెప్పుకునేవారు. ప్రొఫెసర్ వరసగా రోగులను తీసుకొచ్చి, ఫలానా గుర్తు ఉంటే ఫలానా జబ్బు అని చూపిస్తున్నారు. కుర్ర సెల్యేకు ఆ గుర్తులు పెద్దగా కనపడలేదు. కనపడిందల్లా వాళ్లందరూ ఒకేలా ఉండటం. ఆకలి లేదు, ఒళ్లునొప్పులు, నీరసం, బరువు తగ్గడం. జబ్బు ఏదైనా సరే, జబ్బుపడ్డ మనిషి వాలకం ఒకటే ఎందుకుంటుంది? ఇది మరీ పిల్లప్రశ్నలా ఉంటుందనిపించి ఎవరినీ గట్టిగా అడగలేకపోయారు. మనసులో మాత్రం ఉండిపోయింది.

1929లో డాక్టరయ్యారు, 1931లో రసాయనశాస్త్రంలో ఇంకో డాక్టరేట్ తెచ్చుకున్నారు. అదే ఏడాది రాక్‌ఫెల్లర్ ఫెలోషిప్ మీద అమెరికాలో జాన్స్ హాప్కిన్స్‌కు వచ్చారు. అక్కడ మనసు కుదరలేదు. ఫెలోషిప్ మిగిలిన కాలాన్ని మాంట్రియల్‌కు మార్చుకున్నారు. మెక్‌గిల్‌లో జేమ్స్ కాలిప్ దగ్గర చేరారు. ఇన్సులిన్‌ను మనుషులకు ఇవ్వగలిగేలా శుద్ధి చేసిన బయోకెమిస్టు ఆయనే.

అప్పట్లో హార్మోన్ల వేట జోరుగా ఉండేది. కొత్త హార్మోన్ దొరికితే పేరు వచ్చేసినట్టే. సెల్యే పశువుల అండాశయాల నుంచి తీసిన రసాన్ని ఎలుకలకు ఎక్కించి చూశారు. మూడు మార్పులు కనిపించాయి. అడ్రినల్ గ్రంథులు ఉబ్బాయి, థైమస్ కుంచించుకుపోయింది, కడుపులో పుండ్లు పడ్డాయి. కొత్త హార్మోన్ దొరికిందని సంబరపడ్డారు. వేరే అవయవాల రసాలు ఎక్కించారు. అవే మూడు మార్పులు. చివరికి ల్యాబ్ బీరువాలో ఉన్న ఫార్మాలిన్ ఎక్కించి చూస్తే ఇంకా ఎక్కువగా వచ్చాయి. అంటే హార్మోన్ లేదు, ఏమీ లేదు. ఏం ఎక్కించినా ఎలుక ఒళ్లు ఒకేలా అల్లాడుతోంది. నెలల కష్టం బూడిదలో పోసిన పన్నీరైంది.

ఆ దిగులులోనే ప్రాగ్ క్లాసు గుర్తొచ్చింది. చలిలో పెట్టినా, విషం ఇచ్చినా, విపరీతంగా పరిగెత్తించినా అవే మూడు మార్పులు. 1936 జులై 4న నేచర్ పత్రికలో ఒక పేజీ కూడా లేని చిన్న లేఖ అచ్చయింది. మొదట హెచ్చరిక దశ, తర్వాత తట్టుకునే దశ, చివరికి ఓడిపోయే దశ అని అందులో చెప్పారు. అప్పటికి ఆయన వయసు 29. సీనియర్లలో కొందరు ఈ పిచ్చిపని మానేయమన్నారు. ఇన్సులిన్ కనిపెట్టిన ఫ్రెడరిక్ బాంటింగ్ మాత్రం ధైర్యం చెప్పి కొద్దిగా డబ్బు సాయం ఇప్పించారు.

ఆ లేఖలో స్ట్రెస్ అనే మాట లేదు. తర్వాతి ఏళ్లలో ఆయనే ఇంజనీర్ల మాటను అరువు తెచ్చుకుని, లోపల జరిగే మార్పుకు తగిలించారు. ఇంజనీర్ల లెక్కన దానికి స్ట్రెయిన్ అనాలి. తన ఇంగ్లిషు అప్పటికి ఇంకా కుదురుకోక రెంటికీ తేడా పట్టుకోలేకపోయానని పెద్దయ్యాక ఒప్పుకున్నారు. అప్పటికే ఆలస్యమైంది. ఫ్రెంచివాళ్లు, జర్మన్లు, ఇటాలియన్లు, చివరికి మనం, ఆ మాటను అనువదించకుండా అలాగే వాడేసుకుంటున్నాం.

ఇక మా వాడి సంగతి. చెప్పమని వాడే అన్నాడు, పేరు మాత్రం వద్దన్నాడు. ఆ పప్పుచారు ఆదివారం తర్వాతి వేసవికి వాడికి 24 ఏళ్లు. మా ఇంటికి రావడం తగ్గించాడు. వచ్చినా సోఫాలో ఓ మూల కూర్చునేవాడు. రాత్రి నిద్ర పట్టడం లేదన్నాడు. ల్యాబ్‌లో తన కొలతలను ఎవరో రాత్రిపూట మారుస్తున్నారన్నాడు. ఫోన్ కెమెరా మీద స్టిక్కర్ అంటించాడు. మేం ఏదైనా మాట్లాడితే గొంతు తగ్గించమనేవాడు. నేనేం చేశానంటే, నువ్వుల ఉండలు డబ్బాలో పెట్టి పంపాను. స్ట్రెస్‌రా, రెండు వారాలు ఇండియా వెళ్లిరా అన్నాను. తెనాలిలో అక్క దిష్టి తీయించింది. బావగారు గైడ్‌ను మార్చుకోమన్నారు. పెళ్లి సంబంధాలు చూస్తున్న రోజులవి. డాక్టర్ అనే మాట ఎవరి నోటా రాలేదు. చలికాలంలో ఒక తెల్లవారుజామున చెప్పుల్లేకుండా మంచులో నడిచివచ్చి మా తలుపు కొట్టాడు. ఎమర్జెన్సీకి తీసుకెళ్లాం. సైకోసిస్ మొదటి ఎపిసోడ్ అన్నారు. ఎప్పటి నుంచి ఇలా ఉంది అని అడిగితే వేళ్ల మీద లెక్కపెట్టాను. ఏడు నెలలు.

చికిత్స మొదలయ్యాక ఒక డాక్టరమ్మ విడమర్చి చెప్పింది. ఈ జబ్బు ఎక్కువగా పదిహేడు నుంచి ముప్పై ఏళ్ల మధ్యలో మొదలవుతుంది. మొదలైనప్పటి నుంచి మందు పడేదాకా ఎంత ఎక్కువ కాలం గడిస్తే కోలుకోవడం అంత కష్టమవుతుంది. స్ట్రెస్ ఇందులో ఉంది, కాని స్ట్రెస్ ఒక్కటే కాదు. లోపల ముందే ఉన్న బలహీనత మీద బయటి భారం పడితే జబ్బు బయటపడుతుందని 1977 నుంచీ ఒక సిద్ధాంతం ఉంది. దేశం మారడం కూడా ఆ భారంలో భాగమే. మిన్నెసోటాలో స్థిరపడ్డ నార్వే వాళ్లలో స్కిజోఫ్రేనియా సొంత దేశంలో ఉన్నవాళ్లకన్నా ఎక్కువగా ఉందని ఓడెగార్డ్ అనే డాక్టరు 1932లోనే చూపించారు. సెల్యే పడవ దిగి ఎంతోకాలం కాలేదు అప్పటికి.

ఇంటికొచ్చి సెల్యే పుస్తకం మళ్లీ తెరిచాను. ఈసారి వదలలేదు. నా తప్పుకు సాకు వెతుక్కున్నానేమో కూడా.

1945లో ఆయన మెక్‌గిల్ వదిలి, కొండకు అవతల ఉన్న ఫ్రెంచి యూనివర్సిటీలో సొంత పరిశోధన సంస్థకు డైరెక్టరయ్యారు. దేశదేశాల నుంచి కుర్రాళ్లు వచ్చి చేరేవారు. ఫ్రాన్స్ నుంచి వచ్చిన రోజర్ గియ్‌మిన్ అక్కడే డాక్టరేట్ చేసి, తర్వాత 1977లో నోబెల్ అందుకున్నారు. సెల్యే పేరు ఎన్నోసార్లు నామినేషన్‌కు వెళ్లింది కాని బహుమతి రాలేదు. ఆయన రాసిన పరిశోధన పత్రాలు 1,700 పైమాటే. ద స్ట్రెస్ ఆఫ్ లైఫ్ పుస్తకం 1956లో వచ్చింది, మామూలు జనం కూడా చదివారు. అదే ఏడాది హంగేరీ తిరుగుబాటులో తూటా తగిలి ఆయన తల్లి చనిపోయింది. ఒకే సంవత్సరం. ఆ పేజీ దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. అర్ధరాత్రి ఇండియా నుంచి ఫోన్ వస్తే గుండె ఎలా ఝల్లుమంటుందో మనకు తెలుసు కదా.

ఆయనలో నాకు మింగుడుపడనిది ఇంకొకటి. పొగాకు కంపెనీల డబ్బు తీసుకున్నారు. 1969లో కెనడా పార్లమెంటు కమిటీ ముందు సిగరెట్ ప్రకటనల మీద ఆంక్షలు వద్దన్నట్టు మాట్లాడారు. సిగరెట్ కొందరికి స్ట్రెస్ తగ్గిస్తుందన్న వాదన ఆ కంపెనీలకు బాగా పనికొచ్చింది. వాళ్ల పాత కాగితాలు కోర్టు కేసుల వల్ల బయటపడ్డాక, ఆయన చనిపోయిన ఎన్నో ఏళ్లకు ఇదంతా వివరంగా తెలిసింది. అన్ని జబ్బుల వెనకా స్ట్రెస్ ఉందంటే, ఏ జబ్బుకూ అసలు కారణం వెతకక్కర్లేదు. కంపెనీలకు కావలసింది అదే. ఏడు నెలలు నేను చేసిందీ కొంచెం అలాంటిదే.

శాస్త్రంలోనూ ఆయన మాట పూర్తిగా నిలవలేదు. దెబ్బ ఏదైనా ఒళ్లు స్పందించే తీరు ఒక్కటే అన్నది అతిగా చెప్పడమని జాన్ మేసన్ వంటివారు 1970ల్లో వాదించారు. జంతువు భయపడిందా లేదా అన్నదే చాలా తేడా తెస్తుందని చూపించారు. సెల్యే కూడా తర్వాత మంచి స్ట్రెస్, చెడ్డ స్ట్రెస్ అని విడదీశారు. అయినా పిట్యూటరీ నుంచి అడ్రినల్ దాకా ఆయన వేసిన దారి మాత్రం నిలిచింది. ఇదే మాంట్రియల్‌లో ఎర్లీ సైకోసిస్ రోగుల లాలాజలంలో కార్టిసాల్ కొలిచారు. నిద్రలేచిన మొదటి అరగంటలో మామూలుగా అది పెరగాలి. ఈ రోగుల్లో, ముఖ్యంగా మగపిల్లల్లో, ఆ పెరుగుదల తక్కువగా కనిపించింది. అంటే హెచ్చరిక గంట సరిగా మోగడం లేదన్నమాట.

ఇంకో పరిశోధన ఉంది, మనవాళ్లకు దగ్గరది. మాంట్రియల్, చెన్నై నగరాల్లో మొదటి ఎపిసోడ్ వచ్చిన పిల్లలను రెండేళ్లు గమనించారు. ఎవరో వెంటాడుతున్నారనే భ్రమల వంటివి రెండుచోట్లా దాదాపు ఒకేలా తగ్గాయి. కాని మనుషులకు దూరమైపోవడం, ఏ పనీ చేయబుద్ధి కాకపోవడం వంటివి చెన్నైలో ఇంకా బాగా తగ్గాయి. మొదటి నెలల్లోనే ఇంటివాళ్లు చికిత్సలో చేయివేయడం దానికి ఒక కారణమన్నారు. అది చదివిన రాత్రే అక్కకు ఫోన్ చేశాను. ఊళ్లో ఎవరికీ చెప్పొద్దు అంది మొదట. నెల తిరక్కుండా వీసా తెచ్చుకుని వచ్చేసింది. క్లినిక్‌లో కుటుంబాలకు పెట్టే మీటింగుకు ఇద్దరం వెళ్లేవాళ్లం. అక్కకు ఇంగ్లిషు అంతంత మాత్రమే. నేను చెవిలో చెబుతుంటే, ప్రతిదీ చిన్న నోటుబుక్కులో తెలుగులో రాసుకునేది.

సెల్యే 1982 అక్టోబర్ 16న మాంట్రియల్‌లోనే కన్నుమూశారు. ఎక్కడి వియన్నా, ఎక్కడి మాంట్రియల్! యాభై ఏళ్లు ఈ చలిలోనే గడిపారు. ఆయన పెరిగిన ఊరు, నదికి స్లొవేకియా వైపున, 2004లో ఒక యూనివర్సిటీకి ఆయన పేరు పెట్టుకుంది. హంగేరియన్‌లో చదువు చెప్పే యూనివర్సిటీ అది.

మా వాడు ఏడాది సెలవు తర్వాత ల్యాబ్‌కు వెళ్తున్నాడు. వారానికి మూడు రోజులే. మందులు వాడుతున్నాడు. అవి ఒళ్లు బరువు పెంచుతున్నాయని గొణుగుతాడు. కొన్ని రోజులు బాగుంటాయి, కొన్ని బాగుండవు. ఈ వ్యాసం అచ్చుకు పంపేముందు వాడికి చదివి వినిపించాను. మంచులో నడిచివచ్చిన సంగతి తీసేయమంటాడేమో అనుకున్నాను. దాని గురించి ఏమీ అనలేదు. నేను 500 మైక్రోమీటర్లు అని రాశాను, దాన్ని మాత్రం నానోమీటర్లుగా దిద్దాడు.