ఆలస్యంగా దొరికిన త్రోవ

ఉగాది వచ్చిందంటే పొరుగు రాష్ట్రాలలో స్థిరపడిన మాకు గురజాడ అప్పారావుగారు జ్ఞప్తికి వస్తారు. 1862లో జన్మించిన ఆయన తొలినాళ్ళలో కలం పట్టింది ఇంగ్లీషులోనే. 1883లో వెలువడిన ఆంగ్లకావ్యం ‘సారంగధర’ను కలకత్తా పత్రికాసంపాదకులు శంభుచంద్ర ముఖర్జీగారు మెచ్చుకొన్నారు; కాని మాతృభాషలో వ్రాయుమని హితవు పలికారు. త్రోవ వెంటనే తేలలేదు. ఉపాధ్యాయవృత్తి, సంస్థానపు కొలువు, వీటి నడుమ ఏండ్లు గడిచాయి. 1892లో ‘కన్యాశుల్కము’ విజయనగరంలో రంగమెక్కింది, 1897లో అచ్చయింది. అంతటితో తృప్తిపడక, దానిని దాదాపు క్రొత్తగా తిరిగివ్రాసి 1909లో ప్రకటించారు. ముత్యాలసరాల బాట త్రొక్కేనాటికి ఆయన వయస్సు 50కి చేరువైంది. 1915లో కన్నుమూశారు.

బడిలో పరభాషలు చదివే మా పిల్లలకు మేము చెప్పేది ఇదే: ఆలస్యమైనా ఫరవాలేదు, తాతగారికి ఒక్క ఉత్తరమైనా తెలుగులో వ్రాయండి.