ప్రాచీన వర్ణాల పరిశోధకుడు సర్ హంఫ్రీ డేవీ

గని కార్మికుల ప్రాణాలను కాపాడిన దీపాన్ని రూపొందించినవాడుగా సర్ హంఫ్రీ డేవీ పేరు విజ్ఞానశాస్త్ర విద్యార్థులందరికీ పరిచితమే. పొటాసియం, సోడియం మూలకాలను వేరుపరచినవాడుగా కూడ పాఠ్యగ్రంథాలు అతనిని పేర్కొంటాయి. అయితే ప్రాచీన రోమన్ చిత్రకారులు ఏ రంగులు వాడారో, వాటిని ఎట్లా తయారుచేసుకొన్నారో రసాయనశాస్త్ర సహాయంతో నిర్ణయించిన తొలితరం పరిశోధకులలో అతడొకడన్న సంగతి చాలమందికి తెలియదు. ఆ పరిశోధనలో అతడు చూపిన సంయమనం మరింత గమనింపదగినది.

1778 డిసెంబరు 17న, ఇంగ్లండు దేశపు నైరుతి కొసన గల కార్న్‌వాల్ ప్రాంతంలోని పెన్‌జాన్స్ పట్టణంలో డేవీ జన్మించాడు. తండ్రి కొయ్య చెక్కడపు పనివాడు. 1794లో తండ్రి మరణించగా, కుటుంబభారం తల్లిపై పడింది. మరుసటి సంవత్సరం డేవీ స్థానిక వైద్యుని వద్ద శిష్యుడుగా చేరాడు. విశ్వవిద్యాలయంలో అడుగుపెట్టే అవకాశం అతనికి లభించలేదు. లవోయిజియే రసాయన గ్రంథాన్ని స్వయంగా చదివి, దొరికిన పాత్రలతోనే ప్రయోగాలు సాగించాడు.

1798లో బ్రిస్టల్ నగరంలో వాయువులతో చికిత్సలు జరిపే సంస్థలో ఉద్యోగం దొరికింది. అక్కడ నైట్రస్ ఆక్సైడును తానే పీల్చి, దాని ప్రభావాన్ని వివరంగా నమోదు చేశాడు. మరొక విషవాయువును పీల్చి మృత్యుముఖం వరకు వెళ్ళివచ్చాడు. 1801లో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో చేరి, 1807లో విద్యుచ్ఛక్తితో పొటాసియం, సోడియంలను, మరుసటి సంవత్సరం కాల్షియం మున్నగువాటిని వేరుపరచాడు. 1812లో ఒక ప్రయోగంలో ప్రేలుడు సంభవించి అతని కన్నుకు గాయమైంది. తన దేహం విషయంలో డేవీ ఎంత సాహసికుడో ఈ సంఘటనలే చెబుతాయి.

1813 అక్టోబరులో డేవీ ఐరోపా యాత్రకు బయలుదేరాడు. సహాయకుడుగా వెంట వెళ్ళిన యువకుడే మైకేల్ ఫారడే. ఇంగ్లండుకూ ఫ్రాన్సుకూ యుద్ధం జరుగుతున్న రోజులవి. అయినా నెపోలియన్ ప్రభుత్వం శాస్త్రజ్ఞుడన్న గౌరవంతో డేవీకి అనుమతిపత్రం మంజూరు చేసింది. 1814లో ఫ్లారెన్సులో పెద్ద కటకంతో సూర్యకిరణాలను కేంద్రీకరించి, వజ్రాన్ని మండించి, అది శుద్ధమైన కర్బనమని నిరూపించాడు. అటుపిమ్మట రోము చేరుకొన్నాడు.

రోము నగరంలోని పురావస్తువుల సంరక్షణ భారం అప్పుడు ప్రఖ్యాత శిల్పి కనోవాపై ఉండేది. ఆయన స్నేహం వల్ల, టైటస్ చక్రవర్తి స్నానశాలలుగా ఆనాడు వ్యవహరింపబడిన శిథిలాలలో బయటపడిన పాత్రలనుండి రంగు పొడులను స్వయంగా ఎన్నుకొనే అవకాశం డేవీకి లభించింది. వాటిని గోడలపైని రంగులతోను, రాలిపడిన గార పెళ్ళలతోను పోల్చి చూశాడు. ఫ్రెంచి రసాయనవేత్త షాప్టాల్ 1809లో పాంపే నగరపు రంగులు కొన్నింటిని పరీక్షించి ఉన్నాడు. డేవీ ఆ మార్గాన్ని విస్తృతం చేశాడు.

కంటికి ఒకే తీరుగా కనిపించే ఎరుపులు రసాయనికంగా వేరువేరు. కావిరంగులో ఇనుము, సిందూరంలో సీసం, ఇంగిలీకంలో పాదరసం ఉంటాయి. ఆమ్లంలో కరగడం, వేడికి మారడం వంటి లక్షణాలను బట్టి వీటిని గుర్తించవచ్చును. రోమన్ చిత్రాలలో ఈ మూడూ ఉన్నాయని డేవీ తేల్చాడు. ఆమ్లాలకు లొంగని నీలిరంగు మాత్రం రాగితో రంగెక్కిన ఒక విధమైన గాజుముద్ద అని గ్రహించాడు. అక్కడితో తృప్తి చెందక, 15 పాళ్ళు సోడియం కార్బొనేటు, 20 పాళ్ళు చెకుముకిరాతి పొడి, 3 పాళ్ళు రాగి రజను కలిపి రెండు గంటలపాటు తీవ్రంగా కాల్చి, అదే ఛాయ గల నీలాన్ని తయారుచేశాడు. పదిహేడు శతాబ్దాలు గడచినా వెలవెలబోని రంగు తయారీ మార్గం ఇట్లా మరల వెలుగు చూసింది. అందులో సున్నపు అంశం కూడ కీలకమని 1889లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఫూకే నిరూపించి, ఆ జ్ఞానాన్ని పూర్తిచేశాడు.

రోములోని ఆల్డోబ్రాండీని వివాహమనే సుప్రసిద్ధ కుడ్యచిత్రాన్ని పరీక్షించడానికి దాని యజమాని డేవీకి అనుమతి ఇచ్చాడు. అనుమతి ఉన్నది గదా అని డేవీ చిత్రాన్ని గీకివేయలేదు. లోపం కంటికి కనిపించని చోటినుండి అణుమాత్రం రంగును మాత్రమే తీసుకొన్నాడు. తన ప్రాణాన్ని లెక్కచేయక విషవాయువులు పీల్చిన మనిషి, ఎన్నడో గతించిన అజ్ఞాత చిత్రకారుని శ్రమ యెడల ఇంత జాగ్రత్త వహించాడు. మానవజాతికంతకూ చెందిన ఆ చిత్రంలో ఒకసారి నశించిన భాగం తిరిగి రాదని అతనికి తెలుసు.

ఈ పరిశోధన వ్యాసం 1815 ఫిబ్రవరి 23న రాయల్ సొసైటీలో చదువబడింది. అదే సంవత్సరం స్వదేశం చేరిన డేవీ గనిదీపాన్ని రూపొందించి, దానిపై పేటెంటు హక్కు కోరకుండా లోకానికి అర్పించాడు. తరువాత నేపుల్సులో, అగ్నిపర్వత విస్ఫోటనంలో మాడి బొగ్గయిన హెర్కులేనియం గ్రంథపు చుట్టలను విప్పడానికి ప్రయత్నించి కొద్దిపాటి ఫలితాన్నే పొందాడు. 1820లో రాయల్ సొసైటీ అధ్యక్షుడైనాడు. ఆరోగ్యం క్షీణించి, 1829 మే 29న జెనీవా నగరంలో, 50 ఏళ్ళ వయస్సులో కన్నుమూశాడు.

డేవీ అణుమాత్రానికి కుదించిన ఆ నష్టాన్ని కూడ తరువాతి శాస్త్రం చాలవరకు తప్పించగలిగింది. రాంట్‌జెన్ 1895లో కనుగొన్న ఎక్స్-కిరణాలు చిత్రం అడుగున దాగిన మార్పులను చూపుతాయి. డేవీ మరల తయారుచేసిన ఆ నీలం, మామూలు వెలుతురు సోకినప్పుడు కంటికి కనబడని పరారుణ కాంతిని వెలువరిస్తుంది. ఈ గుణాన్ని ఆధారం చేసుకొని, తగిన కెమెరాతో చిత్రాన్ని తాకకుండానే ఆ రంగు ఉనికిని పసిగట్టే పద్ధతి 2009లో ప్రకటింపబడింది.

ప్రయోగశాలలో పనిచేసే విద్యార్థి డేవీనుండి సాహసాన్ని నేర్చుకోవచ్చును. కాని పరీక్షింపబడే వస్తువు ఇతరులకు కూడ చెందినదైనప్పుడు ఎంతమాత్రం తీసుకోవాలో, ఎక్కడ చేయి ఆపాలో కూడ అతనినుండే నేర్చుకోవలసి ఉన్నది.