పోటీ గెలిచినా పాట తనది కాలేదు: ప్యాట్సీ క్లైన్ జీవితం

1957 జనవరి 21 రాత్రి. అమెరికాలో సీబీఎస్ టీవీలో ‘ఆర్థర్ గాడ్‌ఫ్రీస్ టాలెంట్ స్కౌట్స్’ ప్రత్యక్ష ప్రసారం నడుస్తోంది. పేరు రాని కళాకారులను ఎవరో ఒకరు వెంటబెట్టుకొచ్చి పరిచయం చేస్తారు. వాళ్లు పాడతారు. చివర్లో ప్రేక్షకుల చప్పట్ల హోరును ఒక మీటరు కొలుస్తుంది. ముల్లు ఎవరికి ఎక్కువ దూరం జరిగితే వాళ్లే విజేత. ఆ రాత్రి 24 ఏళ్ల ప్యాట్సీ క్లైన్ ‘వాకిన్ ఆఫ్టర్ మిడ్‌నైట్’ పాడగానే ముల్లు చివరి అంచుకు వెళ్లి అక్కడే నిలిచిపోయింది.

ఇదే కార్యక్రమం అంతకు రెండేళ్ల ముందు ఎల్విస్ ప్రెస్లీని వడపోతలోనే పక్కన పెట్టింది. అలాంటి చోట వర్జీనియాలోని ఓ చిన్న పట్టణం నుంచి వచ్చిన కంట్రీ గాయని గెలవడం చిన్న విషయం కాదు. కానీ ఆ రాత్రి పాడిన పాట ఆమె కోరుకున్నది కాదు. వేసుకున్న గౌను కూడా ఆమె ఎంచుకున్నది కాదు.

కోళ్ల ఫ్యాక్టరీ నుంచి క్లబ్బుల దాకా

ప్యాట్సీ అసలు పేరు వర్జీనియా ప్యాటర్సన్ హెన్స్‌లీ. 1932 సెప్టెంబర్ 8న వర్జీనియా రాష్ట్రంలోని వించెస్టర్‌లో పుట్టారు. అప్పటికి తల్లి హిల్డాకు 16 ఏళ్లు. తండ్రి శామ్ కమ్మరి పని చేసేవారు, వయసులో హిల్డా కంటే చాలా పెద్ద. పని ఎక్కడ దొరికితే అక్కడికి ఆ కుటుంబం ఊళ్లు మారుతూ చివరికి వించెస్టర్‌లోని సౌత్ కెంట్ వీధికి చేరింది. ఊళ్లో ఉన్నవాళ్లు చిన్నచూపు చూసే వీధి అది.

13 ఏళ్ల వయసులో ఆమెకు గొంతు ఇన్ఫెక్షన్‌తో పాటు రుమాటిక్ జ్వరం వచ్చి ప్రాణం మీదికి తెచ్చింది. కోలుకున్నాక గొంతు నిండుగా, గంభీరంగా మారిందని ఆమె తర్వాత చెప్పుకునేవారు. అప్పటికే తల్లితో కలిసి బాప్టిస్టు చర్చిలో పాడేవారు. సంగీతం చదవడం రాదు. నేర్చుకున్నదంతా విని నేర్చుకున్నదే.

1947లో తండ్రి ఇల్లు వదిలి వెళ్లిపోయారు. తల్లి బట్టలు కుట్టి ఇల్లు నడిపారు. ప్యాట్సీ చదువు మానేసి కోళ్ల ఫ్యాక్టరీలో, బస్టాండులో, ఒక మందుల షాపులోని సోడా కౌంటర్‌లో పనిచేశారు. పగలు ఉద్యోగం, రాత్రి పాట. స్థానిక రేడియో స్టేషన్‌కు స్వయంగా వెళ్లి అవకాశం అడిగి పాడారు. 1952లో బిల్ పీర్ అనే బ్యాండ్ నాయకుడు ఆమెను తన బృందంలోకి తీసుకుని, ప్యాటర్సన్ అన్న మధ్యపేరులోంచి ప్యాట్సీ అనే పేరు తీశారు. 1953లో జెరాల్డ్ క్లైన్‌తో పెళ్లయింది. ఆయన ఇంటిపట్టున ఉండే భార్యను కోరుకున్నారు, ఈమె పాట వదలనన్నారు. నాలుగేళ్లకు విడిపోయారు. మిగిలింది ఆ ఇంటిపేరే.

అప్పటి కంట్రీ సంగీతం ఎక్కువగా మగవాళ్ల రాజ్యం. ఫిడిల్, స్టీల్ గిటార్‌లతో నడిచే ఆ పాటల్లో స్త్రీలు చాలాసార్లు బృందంలో ఒకరిగానో, భర్త పక్కనో కనిపించేవారు. ప్యాట్సీ బ్యాండ్‌కు ముందు నిలబడి పాడేవారు. మగ కళాకారులతో వాళ్లలాగే మాట్లాడేవారు. కొందరు నిర్వాహకులు టికెట్ల డబ్బుతో ఉడాయిస్తారని తెలిశాక, పారితోషికం చేతిలో పడనిదే వేదిక ఎక్కనని పట్టుబట్టేవారు.

ఆ రాత్రి వెనుక

1954లో ప్యాట్సీ కాలిఫోర్నియాకు చెందిన ఫోర్ స్టార్ రికార్డ్స్‌తో ఒప్పందం మీద సంతకం చేశారు. యజమాని బిల్ మెకాల్. హక్కులు ఫోర్ స్టార్ దగ్గరున్న పాటలనే ఆమె రికార్డు చేయాలన్నది అందులోని ముఖ్యమైన షరతు. బయట ఎంత మంచి పాట దొరికినా పాడే వీలు లేదు. పైగా రికార్డింగ్ ఖర్చులు ఆమె రాయల్టీలోంచే కోసుకునేవారు.

‘వాకిన్ ఆఫ్టర్ మిడ్‌నైట్’ ఈ షరతు కిందే వచ్చింది. డాన్ హెక్ట్, అలన్ బ్లాక్ దాన్ని మొదట పాప్ గాయని కే స్టార్ కోసం రాశారు. ప్యాట్సీకి అది నచ్చలేదు. తనకిష్టమైన ‘ఎ పూర్ మ్యాన్స్ రోజెస్’ కూడా రికార్డు చేస్తామంటేనే ఒప్పుకున్నారు. 1956 నవంబర్‌లో ఈ రెండూ నాష్‌విల్‌లో రికార్డయ్యాయి.

టాలెంట్ స్కౌట్స్ నుంచి పిలుపు వచ్చినప్పుడు హిల్డాయే కూతుర్ని పరిచయం చేయడానికి వెళ్లారు. బంధువులు ఆ పని చేయకూడదు కాబట్టి తల్లినని చెప్పలేదు. ఇంటిపేర్లు వేరు కావడంతో ఎవరికీ అనుమానం రాలేదు. ప్యాట్సీ తల్లి కుట్టిన కుచ్చుల కౌగర్ల్ దుస్తుల్లో తనకు నచ్చిన పాట పాడాలనుకున్నారు. కార్యక్రమ నిర్మాత జానెట్ డేవిస్ రెండూ వద్దన్నారు. వాకిన్ ఆఫ్టర్ మిడ్‌నైటే పాడాలి, నగరపు పార్టీలకు వేసుకునే గౌనే వేసుకోవాలి. ప్యాట్సీ అయిష్టంగానే తల ఊపారు.

గెలుపు తర్వాత ఫిబ్రవరిలో రికార్డు హడావుడిగా మార్కెట్లోకి వచ్చింది. కంట్రీ పట్టికలో 2వ స్థానం, పాప్ పట్టికలో 12వ స్థానం అందుకుంది. ఒకే పాట రెండు లోకాల్లోనూ వినపడటం అప్పట్లో అరుదు, గాయని విషయంలో మరీ అరుదు.

గెలిచాక వచ్చిన నిశ్శబ్దం

ఆ తర్వాత నాలుగేళ్ల దాకా మరో హిట్ లేదు. టీవీలో పాటల పోటీలు చూసే మనకు ఈ మలుపు కొత్తేమీ కాదు. టైటిల్ ఒక్క రాత్రిలో వస్తుంది. మర్నాటి నుంచి పాట ఎవరిస్తారు, డబ్బు ఎవరికి వెళ్తుంది అన్నవే అసలు ప్రశ్నలు. ప్యాట్సీ విషయంలో రెండింటికీ జవాబు ఆ ఒప్పందమే. ఫోర్ స్టార్ కోసం ఆమె పాడిన దాదాపు యాభై పాటల్లో జనంలోకి వెళ్లింది ఒక్కటే. మిగతావాటిలో గొంతు ఉంది, దానికి తగిన పాట లేదు. దేశమంతా చూసిన విజేతకు ఇల్లు గడవడం కష్టంగానే ఉండేది.

1957 సెప్టెంబర్‌లో ఆమె చార్లీ డిక్‌ను పెళ్లాడారు. మరుసటేడు కూతురు జూలీ పుట్టింది. కుటుంబం నాష్‌విల్‌కు మారింది. 1960 జనవరిలో కంట్రీ గాయకులంతా కలగనే రేడియో వేదిక గ్రాండ్ ఓల్ ఓప్రీలో ఆమెకు సభ్యత్వం దొరికింది. అదే ఏడాది ఫోర్ స్టార్ గడువు ముగిసింది. మొదట్నుంచీ ఆమె పాటలు రికార్డు చేస్తున్న ఓవెన్ బ్రాడ్లీ వెంటనే ఆమెను డెక్కా సంస్థలోకి తీసుకున్నారు. ఇక ఏ రచయిత పాటైనా పాడవచ్చు.

పాడకూడదనుకున్న పాటలే

స్వేచ్ఛ దొరికాక బ్రాడ్లీ తెచ్చిన మొదటి పెద్ద పాట ‘ఐ ఫాల్ టు పీసెస్’. హ్యాంక్ కోక్రన్, హార్లన్ హోవర్డ్ రాసిన ఆ పాటను అప్పటికే వేరే గాయకులు కాదన్నారు. ప్యాట్సీకీ నచ్చలేదు. వెనుక జార్డనేర్స్ బృందం గొంతు కలిపితే తన గొంతు మునిగిపోతుందని భయపడ్డారు. ఆమెకు ఇష్టం యోడెల్, స్టీల్ గిటార్. బ్రాడ్లీ ఆలోచన వేరు. ఆ గొంతులోని విషాదానికి వయొలిన్లు, నెమ్మది లయ, చుట్టూ కాస్త ఖాళీ కావాలన్నది ఆయన నమ్మకం.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. తన పాటల గురించి ప్యాట్సీ అంచనాలు చాలాసార్లు తప్పాయి. గాడ్‌ఫ్రీ నిర్మాత చెప్పిందే పాట విషయంలో నిజమైంది, బ్రాడ్లీ చెప్పిందీ నిజమైంది. అయితే టీవీ స్టూడియోలో ఆమెకు దొరికింది ఆదేశం. బ్రాడ్లీ స్టూడియోలో దొరికింది వాదన. అక్కడ ఆమె పోట్లాడారు, విన్నారు, తర్వాత పాటను తన దారికి తిప్పుకున్నారు.

‘ఐ ఫాల్ టు పీసెస్’ పట్టికలో మెల్లగా ఎక్కుతుండగానే, 1961 జూన్ 14న కారు ప్రమాదం జరిగింది. ప్యాట్సీ ముందు అద్దంలోంచి ఎగిరి పడ్డారు. నుదుటి మీద లోతైన గాయం, విరిగిన మణికట్టు, పక్కకు తొలగిన తుంటి. నెల రోజులు ఆసుపత్రిలోనే ఉన్నారు. అప్పుడే నాష్‌విల్‌కు వచ్చిన లొరెట్టా లిన్ ఆమె కోసం రేడియోలో ఆ పాట పాడారు. అది విని ప్యాట్సీ ఆమెను ఆసుపత్రికి పిలిపించుకున్నారు. చివరిదాకా నిలిచిన స్నేహం అలా మొదలైంది. ఆగస్టుకల్లా పాట కంట్రీ పట్టికలో మొదటి స్థానానికి చేరింది.

అదే నెలలో చేతికర్రల మీద స్టూడియోకు వచ్చారు. పాడాల్సింది విల్లీ నెల్సన్ రాసిన ‘క్రేజీ’. తాళానికి కాస్త వెనకగా, మాట్లాడినట్టు పాడే నెల్సన్ పద్ధతి ఆమెకు ఎక్కలేదు. పక్కటెముకల నొప్పితో పై స్వరాలు అందలేదు. ఆ రోజు వాద్యాలు మాత్రమే రికార్డు చేశారు. కొన్ని వారాల తర్వాత తిరిగొచ్చి, నెల్సన్ శైలిని పక్కనపెట్టి తన పద్ధతిలో ఒకే విడతలో పాడేశారు. పాప్ పట్టికలో అది 9వ స్థానం దాకా వెళ్లింది. నవంబర్‌లో ఓప్రీ బృందంతో న్యూయార్క్‌లోని కార్నెగీ హాల్లో పాడారు. 1962లో ‘షీస్ గాట్ యూ’ మళ్లీ మొదటి స్థానం. కలలు కన్న ఇల్లు కొనుక్కున్నారు. ఆ ఏడాది చివర్లో లాస్ వెగాస్‌లో 35 రాత్రులు వరుసగా పాడారు.

చివరి ప్రయాణం

1963 మార్చి 3న కాన్సస్ సిటీలో, రోడ్డు ప్రమాదంలో చనిపోయిన ఒక రేడియో వ్యాఖ్యాత కుటుంబం కోసం సహాయ కచేరీలో పాడారు. మర్నాడు వాతావరణం బాగాలేక విమానం కదల్లేదు. కారులో రమ్మని తోటి గాయని డాటీ వెస్ట్ పిలిచినా వెళ్లలేదు. మార్చి 5న మేనేజర్ ర్యాండీ హ్యూస్ నడుపుతున్న చిన్న విమానంలో బయల్దేరారు. పరికరాల ఆధారంగా విమానం నడిపే శిక్షణ హ్యూస్‌కు లేదు. దారిలో ఇంధనం కోసం ఆగిన డయర్స్‌బర్గ్‌లో, రాత్రికి ఉండిపొమ్మని చెప్పినా వినలేదు. కాసేపటికే టెన్నెసీలోని క్యామ్డెన్ దగ్గర అడవిలో విమానం కూలింది. గాయకులు కౌబాయ్ కోపాస్, హాక్‌షా హాకిన్స్ సహా నలుగురూ చనిపోయారు. ప్యాట్సీకి 30 ఏళ్లు. సొంతూరు వించెస్టర్ దగ్గరే సమాధి చేశారు.

1973లో కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కిన తొలి సోలో గాయని ఆమే. 1967లో వచ్చిన ‘గ్రేటెస్ట్ హిట్స్’ ఆల్బమ్ అమెరికాలో కోటి దాటి అమ్ముడైంది. ఫోర్ స్టార్ రోజుల పాటలను ఏవేవో కంపెనీలు చవక ఆల్బమ్‌లుగా దశాబ్దాల పాటు అమ్ముకుంటూనే వచ్చాయి. కానీ జనం అడిగి మరీ వినేవి ఆ ఒప్పందం ముగిశాక పాడినవే. ఆమె పేరును ఇప్పటిదాకా నిలబెట్టిన పాటల్లో ఎక్కువ భాగం 1960 నవంబర్ నుంచి 1963 ఫిబ్రవరి దాకా, రెండేళ్ల మూడు నెలల్లో రికార్డయినవే.