సర్ ఐజాక్ న్యూటన్ - తప్పును దిద్దుకునే లెక్క

న్యూటన్ అనగానే మనకు ఆపిల్ పండు గుర్తుకు వస్తుంది. కానీ ఆయన లెక్క ఒకటి నేడు రసాయన శాస్త్రవేత్తల కంప్యూటర్లలో పనిచేస్తోందని మనలో చాలామందికి తెలియదు.

ఇంగ్లండులోని వూల్స్‌థోర్ప్ గ్రామంలో పాత క్యాలెండర్ ప్రకారం 1642 డిసెంబర్ 25న న్యూటన్ జన్మించారు. ఆయన పుట్టడానికి మూడు నెలల ముందే తండ్రి చనిపోయారు. మూడేళ్ళ వయసులో తల్లి మరో పెళ్ళి చేసుకుని వెళ్ళడంతో అమ్మమ్మ దగ్గర పెరిగారు. తర్వాత తల్లి చదువు మాన్పించి వ్యవసాయంలో పెట్టారు. మేనమామ, ప్రధానోపాధ్యాయుడు నచ్చచెప్పగా మళ్ళీ బడికి పంపారు.

1661లో కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కాలేజీలో చేరారు. అక్కడ ఇతరులకు సేవలు చేస్తూ చదువుకునే విద్యార్థుల్లో ఆయన ఒకరు. 1664లో స్కాలర్‌షిప్ వచ్చింది. 1665లో ప్లేగు వ్యాధి వల్ల కాలేజీ మూతపడితే ఇంటి దగ్గరే గణితం, కాంతి, గురుత్వాకర్షణ గురించి ఆలోచించారు.

1669లో ఆయన ఒక లెక్క రాశారు. ఒక సంఖ్య ఘనం నుండి ఆ సంఖ్యకు రెట్టింపును, మరో 5ను తీసివేస్తే సున్నా రావాలి. ముందు 2 అనుకున్నారు. జవాబు -1 వచ్చింది. ఆ తేడాను బట్టి 2.1గా దిద్దారు. మళ్ళీ దిద్దితే 2.0946 అయింది. 1690లో జోసెఫ్ రాఫ్సన్ ఈ పద్ధతిని సులభం చేశారు. 1740లో థామస్ సింప్సన్ దీనితో గరిష్ఠ, కనిష్ఠ విలువలు కూడా కనుక్కోవచ్చని చూపారు.

అణువులో పరమాణువులు కదిలితే దాని శక్తి మారుతుంది. ఆ శక్తిని కొండలు, లోయలుగా ఊహించుకోండి. వాలు సున్నా అయ్యే చోట్లే స్థిర బిందువులు. లోయ అడుగు అణువు స్థిరంగా ఉండే రూపం. రెండు లోయల మధ్య కనుమ, రసాయన చర్య దాటవలసిన దారి. కంప్యూటర్ ఒక అంచనా రూపంతో మొదలుపెట్టి, వాలును, వంపును చూసి అడుగడుగునా దిద్దుతుంది. మొదటి అంచనా మరీ దూరమైతే దారి తప్పుతుంది. చేరింది లోయో, కనుమో వంపును బట్టి సరిచూడాలి.

1687లో ప్రిన్సిపియా వెలువడింది. 1703లో రాయల్ సొసైటీ అధ్యక్షులయ్యారు. లోహాలను మార్చే రహస్యం కోసం ఆయన ఏళ్ళ తరబడి కొలిమి దగ్గర పడిన శ్రమ ఫలించలేదు. 1727లో కన్నుమూశారు. కొలిమి ఇవ్వనిది కాగితం మీది లెక్క ఇచ్చింది. ఆ లెక్కే తర్వాత రసాయన శాస్త్రానికి పనికివచ్చింది.

మిత్రులారా! పరీక్షలో లెక్క తప్పితే కాగితం చింపేయకండి. ఎంత తప్పామో చూసి దిద్దుకుందాం. న్యూటన్ కూడా తప్పు జవాబుతోనే మొదలుపెట్టారు.