సూఫీ మాటకు గ్రీకు మూలం వెతికిన అల్ బిరూనీ

యునాని మందు అన్న మాట పేరాల, బాపట్ల, తెనాలి వైపు పెద్దవాళ్ల నోట ఇప్పటికీ వినపడుతుంది. యునాన్ అంటే గ్రీకు దేశం. గ్రీకులు ఉండిన అయోనియా పేరే అరబీలో యునాన్ అయింది, మన పాత పుస్తకాల్లో యవన అయింది. ఇలాంటి మాటల వెంట పడి, గ్రీకుల పురాణాలనూ హిందువుల నమ్మకాలనూ పక్కపక్కన పెట్టి చదివిన పండితుడు అబూ రైహాన్ అల్ బిరూనీ.

ఆయన 973లో ఖ్వారిజ్మ్‌లో, అంటే ఇప్పటి ఉజ్బెకిస్తాన్ వైపు పుట్టారు. 1017లో ఆ రాజ్యాన్ని గెలిచిన సుల్తాన్ మహమూద్ ఆయన్ని గజనీకి తీసుకుపోయాడు. అక్కణ్ణుంచే హిందుస్తాన్‌కు దారి పడింది. నలభై దాటిన వయసులో సంస్కృతం నేర్చుకోవడానికి కూర్చున్నారు. పతంజలి యోగ గ్రంథాన్ని అరబీలోకి తెచ్చారు.

1030 ప్రాంతంలో రాసిన కితాబుల్ హింద్‌లో ఆయన పద్ధతి చూడాలి. హిందువుల గురించి చెప్పాలంటే వాళ్ల పుస్తకాల్లో ఉన్నదే చెప్పాలి, వాదన పెట్టుకోకూడదు అన్నది నియమం. చదివేవాళ్లేమో ముస్లింలు. వాళ్లకు గ్రీకు తత్వవేత్తలంటే గౌరవం, విగ్రహాలంటే ఏవగింపు. అందుకే ఆయన ఆ గ్రీకులనే మధ్యకు తెచ్చారు. జాలీనూస్ పుస్తకం చూపించి, అస్క్లేపియస్ లాంటి వైద్యుణ్ణి కూడా గ్రీకులు దేవుడిగా కొలిచారని గుర్తుచేశారు. పునర్జన్మ మాట వచ్చినచోట అఫ్లాతూన్‌ను ముందుకు తెచ్చారు. గ్రీకు గ్రంథాలు ఆయన చదివింది ఎక్కువగా అరబీ అనువాదాల్లోనే.

గొడవ చాలావరకు మాటల్లో ఉందని కూడా ఆయన చూశారు. గ్రీకులు గొప్పదనిపించిన ప్రతిదాన్నీ దేవుడు అనేవాళ్లు. అరబీలో అల్లాహ్ అన్న పేరు ఇంకెవరికీ పెట్టడానికి లేదు. ఒక భాషలో మామూలుగా చెల్లే మాట ఇంకో భాషలో మహాపరాధం అవుతుంది.

సూఫీ అన్న మాట కూడా గ్రీకులో జ్ఞానం అనే అర్థమున్న సోఫియా నుంచి వచ్చిందని, ఫిలాసఫర్‌లో ఉన్నదీ అదేనని ఆయన రాశారు. ఇప్పటి పండితులు ఎక్కువమంది ఉన్ని అనే అర్థమున్న సూఫ్ వైపే మొగ్గుతారు. ఈ లెక్క తప్పినా, దర్గాకు వెళ్లేవాళ్లకు ఆలోచించదగ్గ మాటే.

అదే పుస్తకంలో మహమూద్ దండయాత్రలు ఆ దేశాన్ని పాడుచేశాయని, అందుకే అక్కడి విద్యలు దూరాలకు తరలిపోయాయని కూడా ఆయన దాచకుండా రాశారు. గజనీలో ఉంటూ అంత మాట రాయడం చిన్న విషయం కాదు. హిందుస్తాన్ లిపుల జాబితాలో ఆంధ్రదేశపు లిపినీ పేర్కొన్నారు. తెలుగువాళ్లకు ఇదొక తృప్తి.

ముసలితనంలో మందుల మీద కితాబుస్ సైదనా రాశారు. ఒక్కో మూలికకు గ్రీకు, సురియానీ, అరబీ, ఫార్సీ, హిందీ పేర్లు అందులో ఉంటాయి. చిన్నప్పుడు వాళ్ల ఊళ్లో స్థిరపడిన ఒక గ్రీకు మనిషి దగ్గరికి గింజలు, కాయలు, ఆకులు పట్టుకెళ్లి, వాటిని ఆయన భాషలో ఏమంటారో అడిగి రాసుకునేవాణ్ణని ఆ పుస్తకం ముందుమాటలో గుర్తుచేసుకున్నారు. 1048 ప్రాంతంలో గజనీలో కన్నుమూశారు.